గ్రూపు ఎవరు ఎంచుకున్నారు?

(మాస్టారి స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



ఇది జనవరి నెల. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఫలితాలు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. అయినా ఈ ఊళ్ళో చాలామంది పిల్లలకు ఇంటర్‌లో సీటు ఖాయమైపోయింది. ఎంపీసీయా, బైపీసీయా అన్నది కూడా తేలిపోయింది. ఫలితాలకు ముందు అడ్మిషన్లు చేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులూ ఏటా హెచ్చరిస్తూనే ఉన్నాయి. కాలేజీల పీఆర్వోలు ఏటా ఇళ్ళకు వస్తూనే ఉన్నారు. ఏ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉందో, ఆ పిల్లకు ప్రీఫైనల్‌లో ఎన్ని మార్కులు వచ్చాయో, తండ్రికి ఎంత పొలం ఉందో రాసుకున్న కాగితం వాళ్ళ చేతిలో ఉంటుంది.

కిందటి జనవరిలో మా వీధిలోనే చూశాను. ఆయన మిరప రైతు. కోతలు మొదలై కూలీల కోసం పరుగులు పెడుతున్న రోజులు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద పీఆర్వో కూర్చుని ఉన్నాడు. “అన్నా, ఇప్పుడు అడ్వాన్సు కడితే బాబుకి ఫీజులో కన్సెషన్ ఇప్పిస్తా. వేసవి దాటితే నా చేతుల్లో ఉండదు” అన్నాడు. ఎంపీసీ అన్నాడు, హాస్టలు అన్నాడు, నిరుడు తమ దగ్గర వచ్చిన ర్యాంకుల కరపత్రం తీసి చూపించాడు. రైతు చెయ్యి కడుక్కుంటూనే లోపలికి చూసి, “ఏరా, ఏమంటావు?” అని అడిగాడు. “నీ ఇష్టం నాన్నా” అన్నాడు పిల్లవాడు. పావుగంటలో రసీదు చేతికొచ్చింది.

ఆ పిల్లవాడి జీవితంలో రాబోయే పదేళ్ళు ఆ పావుగంటలో తేలాయి. తండ్రిది తొందర, పీఆర్వోది ఉద్యోగం. పిల్లవాడు తండ్రి మీద గౌరవంతో ఆ మాట అన్నాడు. ముగ్గురిలో ఒక్కరినీ తప్పుపట్టను. నేను అడగదలచుకున్నది ఆ పిల్లవాడి తరఫున: పదేళ్ళు బడికి వెళ్ళిన పిల్లవాడి దగ్గర ఆ నిమిషాన చెప్పడానికి ఇంకో మాట ఎందుకు లేకపోయింది?

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఎకనామిక్స్ చెప్పాను. సీఈసీ, హెచ్ఈసీ పిల్లలు నా విద్యార్థులు. జూన్‌లో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, దరఖాస్తులో గ్రూపు గడి నింపే ముందు ఒక్కొక్కరినీ అడిగేవాణ్ణి, ఈ గ్రూపు ఎందుకు తీసుకుంటున్నావమ్మా అని. “లెక్కల్లో తక్కువొచ్చాయి సార్.” “మా ఊరికి దగ్గర కాలేజీలో ఇదే ఉంది సార్.” “మా అన్న పుస్తకాలు ఉన్నాయి సార్.” సివిక్స్ అంటే ఇష్టమని గానీ, బ్యాంకులో పని ఎలా జరుగుతుందో చూశానని గానీ, నాకు ఆ సబ్జెక్టు కావాలని గానీ చెప్పినవాళ్ళు అరుదు. కాలేజీ గేటు లోపలికి వచ్చేటప్పటికే వాళ్ళు తమను మిగిలిపోయినవాళ్ళుగా లెక్కేసుకుని వచ్చారు. అటు ఎంపీసీ పిల్లల పరిస్థితీ అదే. ఇంజనీరు చేసే పని ఏమిటో తెలిసి ఎంపీసీలో చేరినవాళ్ళు ఎందరు? మంచి మార్కులు వచ్చాయి కాబట్టి చేరారు. వీళ్ళు ఎంచుకోలేదు, వాళ్ళూ ఎంచుకోలేదు. పదో తరగతి మార్కుల పట్టిక ఇద్దరి తరఫునా ఎంచింది.

ఆడపిల్లల విషయంలో మార్కుల కంటే ముందు బస్సు తేల్చేది. సాయంత్రం ఆఖరి బస్సు ఎన్ని గంటలకో దాన్నిబట్టి గ్రూపు. ఇంటికి ఆరు కిలోమీటర్లలో ఉన్న కాలేజీలో సైన్సు గ్రూపు లేకపోతే ఆ పిల్లకు సైన్సు లేదు. లెక్కల్లో తొంభై దాటిన ఆడపిల్లలకు నేను సీఈసీ పాఠాలు చెప్పాను. వాళ్ళు బాగానే చదివారు. అయినా అది వాళ్ళు కోరుకున్న చదువు కాదని నాకు తెలుసు.

ఇలా కాకూడదని మన పెద్దలు ఆలోచించలేదా అంటే, చాలా ఆలోచించారు. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం గురించి మాట్లాడినప్పుడు, చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. జాకిర్ హుసేన్ కమిటీ దానికి పాఠ్య ప్రణాళిక తయారుచేసింది. 1952-53లో మొదలియార్ కమిషన్ మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమంది. ఒకే బడిలో వ్యవసాయం, కామర్సు, టెక్నికల్, సైన్సు అన్నీ ఉండాలని, పిల్లలు వాటిని చూసి తమకు నప్పింది తీసుకోవాలని దాని ఉద్దేశం. కొన్ని ఊళ్ళలో ఆ పేరు ఇప్పటికీ బడి బోర్డు మీద ఉంది, లోపల ఆ చదువు లేదు. 1964-66లో కొఠారి కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. పది తర్వాత రెండేళ్ళు, ఆ తర్వాత మూడేళ్ళు అనే నిర్మాణం ఆ కమిషన్ సిఫారసు చేసిందే. ఆ రెండేళ్ళలో పెద్ద సంఖ్యలో పిల్లలు వృత్తి విద్య వైపు వెళ్ళాలని కూడా అది కోరింది. మనం రెండేళ్ళు తీసుకున్నాం, వృత్తిని వదిలేశాం.

1986 సంవత్సరం దగ్గర కాస్త ఆగుతాను. ఆ ఏడు జాతీయ విద్యా విధానం వచ్చింది. పది తర్వాత చదివే పిల్లల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని అందులో లక్ష్యం పెట్టారు. సరిగ్గా అదే ఏడు మన రాష్ట్రంలో ఎంసెట్ మొదలైంది. ఈ రెంటిలో మన పిల్లల జీవితాల్ని ఏది మార్చిందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. 2020లో వచ్చిన కొత్త విద్యా విధానమే ఒప్పుకుంది, 19 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసున్న మన శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవాళ్ళు 5 శాతం కూడా లేరన్న పన్నెండో ప్రణాళిక అంచనాని ఉటంకిస్తూ. ఏ బడిలో ఏం చెబుతున్నాం అన్నదాని కంటే, బయటికి వెళ్ళే దారిలో ఏ పరీక్ష కాపలా ఉందన్నదే పిల్లల దారిని నిర్ణయిస్తుంది. ప్రణాళికలు రాసేవాళ్ళు ఈ సంగతిని ఎప్పుడూ తక్కువగానే అంచనా వేశారు.

ఎంసెట్‌ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. దాని వెనక న్యాయం ఉంది. డబ్బున్నవాడు క్యాపిటేషన్ ఫీజు కట్టి సీటు కొనుక్కుంటున్న రోజుల్లో 1983లో ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అందరికీ ఒకే పరీక్ష పెట్టడం ఆ దారిలో తర్వాతి అడుగు. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విభజించింది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వెనుకబడిన కులాలకు, అగ్రవర్ణ పేదలకు విస్తరించింది. ఈ పథకం లేకపోతే కాలేజీ ముఖం చూడని ఇళ్ళు ఎన్నో. కూలి చేసుకునే తల్లి కూతురు ఇంజనీరై హైదరాబాదులో ఫ్లాట్ కొనుక్కుని అమ్మను తీసుకెళ్ళిందంటే, అది మన రెండు రాష్ట్రాల ప్రజలు గర్వపడవలసిన సంగతి. ఆ గర్వం నాకూ ఉంది. దాన్ని చిన్నబుచ్చే మాట ఎవరు అన్నా నేను ఒప్పుకోను.

అయితే ప్రభుత్వం ఫీజు ఏ చదువుకు ఎక్కువ కడుతుందో ఆ చదువుకు కాలేజీలు పుట్టాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందలు దాటాయి. వాటిని నింపడానికి ఎంపీసీ పిల్లలు కావాలి. ఎంపీసీ పిల్లల్ని తయారు చేయడానికి జూనియర్ కాలేజీలు కావాలి. వాటికోసం ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ పేరుతో సెక్షన్లు వచ్చాయి. అలా వెనక్కి వెనక్కి జరుగుతూ పదిహేనేళ్ళ వయసులో తీసుకోవలసిన నిర్ణయం పదకొండో ఏటికి వచ్చింది.

ఆ జూనియర్ కాలేజీల లోపల ఏం జరుగుతుందో పిల్లల తల్లిదండ్రులకు పూర్తిగా తెలియదు. రెండు విషయాలు చెబుతాను. మొదటిది రెండో భాష. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట వినని పిల్లవాడు ఇంటర్‌లో సంస్కృతం తీసుకుంటాడు. కాళిదాసు మీద ప్రేమతో అయితే నేను పండగ చేసుకునేవాణ్ణి. తెలుగులో కంటే మార్కులు ఎక్కువ పడతాయని మాత్రమే. రెండోది ప్రాక్టికల్స్. కెమిస్ట్రీలో సాల్ట్ ఎనాలిసిస్ ఉంటుంది, తెలుసుగా. తెల్లటి పొడి ఇస్తారు, అందులో ఏముందో పరీక్షించి చెప్పాలి. నైట్రేటు ఉంటే పరీక్షనాళికలో రెండు ద్రవాలు కలిసే చోట గోధుమరంగు వలయం కడుతుంది. ఆ వలయం మొదటిసారి చూసినప్పుడు పిల్లల ముఖం ఎలా వెలుగుతుందో మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ చెబుతుంటే వినాలి. ఇవాళ ఆ వలయం చూడకుండానే రికార్డులో దాని గురించి చక్కటి అక్షరాలతో రాసి, ముప్ఫైకి ముప్ఫై తెచ్చుకుని బయటికి వస్తున్న పిల్లలు వేలమంది. తమకు కెమిస్ట్రీ నచ్చుతుందో లేదో ఆ పిల్లలకు ఎలా తెలుస్తుంది? చేతితో పట్టుకోని చదువును ఇష్టపడటం ఎలా?

అందుకే ఇంజనీరింగు నాలుగేళ్ళు అయ్యాక ఆ పిల్లలు అమీర్‌పేట వెళ్ళి మళ్ళీ మూడు నెలల కోర్సు చేస్తారు. సివిల్ చదివినవాడూ, మెకానికల్ చదివినవాడూ, ఈసీఈ చదివినవాడూ అక్కడ ఒకే గదిలో జావా నేర్చుకుంటారు. ఇప్పుడు ఆ అవసరమూ తగ్గుతోంది. సగానికి మించిన సీట్లు కంప్యూటర్ సైన్సు, దాని అనుబంధ బ్రాంచీలవే అయ్యాయి. వంతెనలు, కాలవలు, మోటార్లు కావలసిన దేశంలో కోర్ బ్రాంచీలు ఖాళీగా ఉంటున్నాయి.

ఇక బాధ్యత సంగతికి వస్తాను. నేటి యువతకు బాధ్యత లేదని సభల్లో వింటుంటాం. ఆ మాటతో నేను ఏకీభవించను. పదహారేళ్ళ పిల్లవాడి నెత్తిన మనం ఎంత బరువు పెట్టామో చూడండి. నాన్న అప్పు చేసి కట్టిన హాస్టలు ఫీజు, అక్క పెళ్ళి, చెల్లి చదువు, ఊళ్ళో పరువు, రేపు అమెరికా వెళ్తే తాకట్టు పెట్టాల్సిన ఎకరం, అన్నీ వాడి ర్యాంకుకు ముడిపెట్టి ఉన్నాయి. 2024లో నీట్ రాసినవాళ్ళు 23 లక్షలకు పైగా. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా పదివేల చిల్లర. ఆ ఏడాది ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు 17,740. ఈ అంకెలు పిల్లవాడికి ఎవరూ చెప్పరు. రాకపోతే నీ తప్పే అని మాత్రం చెబుతారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుంది. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాసిన పరీక్షలో ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు చేసింది పెద్దల యంత్రాంగం. తప్పు తమదేననుకున్నది పిల్లలు. బాధ్యత లేనివాళ్ళు అలా అనుకోరు. మోయలేనంత బాధ్యత పెట్టి, దాన్ని మోసే బలం ఇవ్వకపోవడం వల్ల అలా అనుకుంటారు.

విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలంది. పిల్లలకూ తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలంది. చాలా మంచి మాటలు. ఎంతమంది తల్లిదండ్రులకు వీటి సంగతి తెలుసు? కాలేజీ ఆఫీసులో కూర్చుని, మావాణ్ణి కింది సెక్షన్‌లోకి ఎందుకు మార్చారని అడిగే హక్కు తమకుందని ఎంతమందికి తెలుసు?

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు మా బడి పిల్లలకు ఇచ్చిన బాధ్యత వేరే రకం. ఇక్కడున్న పెద్దవాళ్ళకు మా స్కూలు సహకార స్టోరు గుర్తుండే ఉంటుంది. నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు, సిరా సీసాలు, గ్రాఫు పుస్తకాలు. స్టాకు పుస్తకం, రోజువారీ అమ్మకం, అంతా తొమ్మిదో తరగతి పిల్లలే చూసేవాళ్ళు. సాయంత్రం గంట కొట్టాక డబ్బులు లెక్కపెట్టి పుస్తకంలో రాసి మాస్టారికి అప్పగించాలి. ఒకరోజు మూడు రూపాయలు తక్కువ వచ్చాయి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. మాస్టారు తిట్టలేదు, జేబులోంచి తీసి వేయనూ లేదు. “ఎక్కడ పోయిందో వెతకండి, నేను ఇక్కడే ఉంటా” అని కుర్చీలో కూర్చుని దిద్దవలసిన పేపర్లు తీశారు. దీపాలు పెట్టే వేళ దాకా వెతికాం. ఎవరో గ్రాఫు పుస్తకాలు అప్పు తీసుకుంటే పుస్తకంలో ఎక్కించలేదని మర్నాడు తేలింది. మాస్టారు ఆ పేజీ కింద సంతకం పెట్టి, తాళంచెవి మళ్ళీ ఆ పిల్లల చేతికే ఇచ్చారు. తక్కువ వచ్చిన రోజున కూడా తాళంచెవి వెనక్కి తీసుకోకపోవడం ఎంత పెద్ద విషయమో నాకు ఉద్యోగంలో చేరాకే అర్థమైంది.

ఇంకో పని కూడా చేసేవారు. దసరా సెలవులు అయ్యాక శనివారం మధ్యాహ్నాలు ఇద్దరిద్దరు పిల్లల్ని ఎక్కడికో ఒకచోటికి పంపేవారు. సొసైటీ బ్యాంకు, సబ్‌స్టేషన్, పశువుల ఆసుపత్రి, రైసు మిల్లు, పోస్టాఫీసు, సాగర్ కుడి కాలవ గేట్ల దగ్గర లస్కరు. సోమవారం క్లాసులో నిలబడి చెప్పాలి: అక్కడ పని ఎన్నింటికి మొదలవుతుంది, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి, ఏ లెక్క రాకపోతే ఆ పని ఆగిపోతుంది. లస్కరు దగ్గరికి వెళ్ళి వచ్చిన పిల్లలు గేటు ఎంత ఎత్తితే ఎన్ని క్యూసెక్కులు వదులుతుందో చెబితే, ఆ వారం మాకు లెక్కలన్నీ నీళ్ళ మీదే. చివరి భూములకు నీళ్ళు అందకపోతే రైతులు వచ్చి ఎవరి మీద కేకలేస్తారో కూడా ఆ పిల్లలే చెప్పారు. మాస్టారు ఏ ప్రణాళికా చదివి ఇదంతా చేయలేదు. ఆయనకు ఎవరూ సర్క్యులర్ పంపలేదు. అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఆ పిల్లలందరూ గొప్పవాళ్ళయ్యారని నేను చెప్పబోవడం లేదు. అన్ని బడుల్లాగే మా బడిలోంచీ అన్ని రకాలవాళ్ళూ వచ్చారు. కానీ పదో తరగతి అయ్యాక నాన్న అడిగితే, ఒక మాట చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏదో ఉండేది. సబ్‌స్టేషన్ చూసినవాడు పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ అడిగాడు. పశువుల ఆసుపత్రికి వెళ్ళినవాడు తనకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని బైపీసీ వద్దన్నాడు. వద్దని చెప్పగలగడం కూడా ఎంపికే.

ప్రభుత్వాలు చేయవలసిన దాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, తర్వాత తెరుచుకునే తలుపులు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరుతున్నారు. పదహారేళ్ళకు పనిముట్టు పట్టుకుని, పంతొమ్మిదేళ్ళకు తనకు ఇంకా చదవాలనిపిస్తే చదివే వీలు అది. మన విద్యా వ్యవస్థలో ఉన్న అతి మంచి ఏర్పాట్లలో అదొకటని నా అభిప్రాయం. కానీ ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీనో, అకౌంటెన్సీ అండ్ టాక్సేషనో చదివిన పిల్లలకు తలుపులు ఇంత తేలిగ్గా తెరుచుకోవు. బ్రిడ్జి కోర్సు అంటారు, దాన్ని చెప్పే మాస్టారు ఉండరు. సీఈసీలో చేరిన పిల్లకు ఏడాది తర్వాత లెక్కల మీద ఆసక్తి కలిగితే వెనక్కి రావడానికి తేలికైన దారి లేదు. పదిహేనేళ్ళ పిల్లవాడు సరిగ్గా ఎంచుకోవాలని కోరడం కంటే, సరిగ్గా ఎంచుకోకపోయినా మునిగిపోకుండా చూడటం వ్యవస్థ పని.

వ్యవసాయం గురించి కూడా ఒక మాట. ఈ హాల్లో ఉన్న పిల్లల్లో చాలామంది రైతు బిడ్డలు. గుంటూరు యార్డులో మిర్చి ధర ఎలా తేలుతుందో, పట్టాదారు పాసు పుస్తకంలో ఏం రాసి ఉంటుందో, పంటల బీమా ఎప్పుడు వర్తిస్తుందో పదేళ్ళ బడిలో ఒక్క పీరియడు కూడా చెప్పలేదు. ఇంటి వ్యవహారం తెలియని పిల్లవాడికి ఇంటి అప్పు గురించి బాధపడటం ఒక్కటే మిగులుతుంది. వ్యవహారం తెలిస్తే నాన్నతో కూర్చుని మాట్లాడగలుగుతాడు. వ్యవసాయ విశ్వవిద్యాలయం పది తర్వాత రెండేళ్ళ అగ్రికల్చర్ డిప్లొమా ఇస్తోందని కూడా ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకు తెలియదు.

నేను ముగ్గురిని అడగదలచుకున్నాను.

హెడ్మాస్టర్లను మొదట. మాస్టారి శనివారాల్ని మీ బడిలో మళ్ళీ మొదలుపెట్టండి. ఎనిమిది, తొమ్మిది తరగతులు చాలు. ఈ ఊరి సచివాలయం, పీహెచ్‌సీ, సబ్‌స్టేషన్, కోల్డ్ స్టోరేజీలు, మెకానిక్ షెడ్లు మీ గేటుకు రెండు కిలోమీటర్లలోపే ఉన్నాయి. మాస్టారి పాత విద్యార్థులం మేము తోడు వస్తాం.

తల్లిదండ్రులను. ఈ నెలలో ఎవరు అరుగు మీద కూర్చున్నా, ఎంత కన్సెషన్ చూపించినా, ఫలితాలు వచ్చేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకండి. సీట్లు ఎక్కడికీ పోవు. మే నెలలో ఒక సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నీకు ఏ పని చేయాలని ఉంది అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే కోప్పడకండి, రెండు రోజులు ఆగండి. కాలేజీకి స్వయంగా వెళ్ళి ల్యాబు ఎక్కడుందో చూపించమనండి.

చివరిగా, ముందు వరసలో ఉన్న పదో తరగతి పిల్లలూ, మిమ్మల్ని. మిమ్మల్ని ఇంట్లో అడిగినప్పుడు “నీ ఇష్టం నాన్నా” అనకండి. మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి, తెలుసుకోవడానికి కొంచెం సమయం ఇవ్వమని అడగండి. అలా అడిగినందుకు ఇంట్లో ఎవరైనా కోప్పడితే, ఈ సభ నిర్వాహకుల దగ్గర నా ఫోన్ నంబరు ఉంది. తీసుకోండి. నేను మీ ఇంటికి వచ్చి మీ నాన్నగారితో మాట్లాడతాను.